64 చోట్లకు రెజ్యూమె పంపితే మూడు జవాబులు. నా రెజ్యూమెలో తప్పెక్కడుంది?

తెనాలి_గీతలు
నాలుగు నెలలుగా హైదరాబాద్‌లో డిజైనర్ ఉద్యోగం కోసం వెతుకుతున్నాను. లెక్క రాసి పెట్టుకునే అలవాటు ఉంది కాబట్టి చెప్పగలను, 64 చోట్లకు పంపాను. మూడు జవాబులు వచ్చాయి. ఒకరు వద్దన్నారు. ఇంకొకరు పరీక్ష అని చెప్పి ఆప్‌కు ఐదు స్క్రీన్లు ఉచితంగా చేయించుకుని మళ్లీ పలకలేదు. మూడో చోటి నుంచి ఒకమ్మాయి ఫోను చేసి "మీ పేరు ఎలా పలకాలండీ?" అని అడిగింది. నా పేరు మూడక్షరాలు, పలకడానికి ఏ ఇబ్బందీ లేదు.

రెజ్యూమెను వారం రోజులు కూర్చుని ఇల్లస్ట్రేటర్‌లో చేశాను. ఎడమవైపు ముదురు ఊదా పట్టీ, గుండ్రటి ఫోటో, ఏ సాఫ్ట్‌వేర్ ఎంత వచ్చో చూపించే బార్లు, పైన నా పేరు తెలుగులో పెద్దగా. చూసినవాళ్లంతా బాగుందన్నారు. డిజైనర్ రెజ్యూమె మామూలు గుమాస్తా రెజ్యూమెలా ఉండకూడదు కదా? ఇంకా ఏం చేయాలో తోచడం లేదు.

రాత్రి_రెండర్
ఫైలు చూడకుండా జాతకం చెప్పలేం. ఫోను నంబరు, ఇంటి చిరునామా చెరిపి ఇక్కడ పెట్టండి. పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనులు చూపించే పేజీ ఉంటే ఆ లింకు కూడా.

తెనాలి_గీతలు
ఎక్కుతోంది. 38 ఎంబీ, కాస్త ఆగండి.

సుద్దముక్క
38 ఎంబీనా! జీమెయిల్‌లో 25 దాటితే ఫైలు జత కాదు, డ్రైవ్ లింకుగా మారుతుంది. అంటే మీరు మెయిల్ చేసిన ప్రతిచోటికీ లింకే వెళ్లి ఉంటుంది. తెరవడానికి అనుమతి ఇచ్చారా?

తెనాలి_గీతలు
ఇప్పుడే చూశాను. కొన్నిటికి ఇచ్చాను. చాలావాటికి ఇవ్వలేదు.

సుద్దముక్క
మీ రెజ్యూమె కోసం వాళ్లే మీకు దరఖాస్తు పెట్టుకోవాలన్నమాట.

ఇడ్లీ_నాలుగు
ఫోటోషాప్ 90 శాతం, ఇల్లస్ట్రేటర్ 85, ఇంగ్లీషు 70, తెలుగు 100. ఫోటోషాప్‌లో ఆ మిగిలిన పది శాతం ఏ మెనూలో ఉందండీ? నాకూ అదే రాదేమో చూసుకుంటాను.

సుద్దముక్క
తెలుగు 100 అని నన్నయ గారు కూడా వేసుకునేవారు కాదు.

కుర్చీకి_అటువైపు
హైదరాబాద్‌లో ఒక కంపెనీలో డిజైన్ బృందాన్ని నడుపుతాను. కొత్తవాళ్లను ఎంచుకునేదీ నేనే. మా దగ్గర జరిగేది చెబుతాను, వినడానికి బాగుండదు.

ఒక్క ఉద్యోగానికి వందల్లో వస్తాయి. ఫైలు తెరవగానే పేరు కింద పోర్ట్‌ఫోలియో లింకు ఉందా అని చూస్తాను. ఉంటే అటు వెళ్లిపోతాను. రెజ్యూమె మీద నిమిషం కూడా ఉండను. ఆ నిమిషంలో మీ ఊదా పట్టీ నాకు పట్టదు. కానీ పొందిక కంటికి తగులుతుంది. మీ దాంట్లో ఒక ఉద్యోగం తేదీలు కుడి అంచున, ఇంకోదాని తేదీలు పేరు పక్కనే ఉన్నాయి. శీర్షికలు రెండు సైజుల్లో ఉన్నాయి. నాకు ఆ బార్ల కన్నా ఎక్కువ సంగతి అక్కడే తెలిసింది. లింకు అయితే రెండో పేజీ అడుగున, చిన్న బూడిదరంగు అక్షరాల్లో ఉంది. నొక్కితే తెరుచుకోదు కూడా.

నా దాకా రాకముందే ఇంకో గడప ఉంది. ఉద్యోగాల సైటులో ఎక్కించగానే ఫైలులోని అక్షరాలను యంత్రం చదివి పేరు, ఊరు, అనుభవం గళ్లలో నింపుతుంది. మీ ఫైలును అది చదవగలదా? పీడీఎఫ్ తెరిచి, మొత్తం ఎంచుకుని, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. అక్కడ ఏం కనిపిస్తే యంత్రానికీ దాదాపు అదే కనిపిస్తుంది.

తెనాలి_గీతలు
చేశాను. ఒక డాలరు గుర్తు, రెండు కామాలు, తలకిందులుగా ఒక ప్రశ్నార్థకం వచ్చాయి. అంతే. మిగతాదంతా ఖాళీ.

ఆ డాలరూ కామాలూ నా పేరు. పైన పేరు అను ఫాంటులో పెట్టాను. ప్రెస్సుకు ఇచ్చే అలవాటులో మిగతా అక్షరాలన్నీ అవుట్‌లైన్ చేసేశాను, అంటే బొమ్మలుగా మార్చేశాను, పేరు ఒక్కటీ మరిచిపోయినట్టున్నాను. ఫోను నంబరు సైటులో విడిగా కొట్టాను కాబట్టి ఆ అమ్మాయి ఫోనైనా చేయగలిగింది. పాపం, ఎలా పలుకుతుంది!

ఇడ్లీ_నాలుగు
"హలో, డాలర్ కామా కామా గారేనా?"

పాత_పేజ్‌మేకర్
బాబూ, నవ్వకండి. విజయవాడ ప్రెస్సుల్లో ముప్ఫై ఏళ్లు ఆ ఫాంట్లతోనే అన్నం తిన్నాను, వాటిని తిట్టబుద్ధి కాదు. అను అక్షరాలు యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే రకం కావు. ఇంగ్లీషు అక్షరాలకు కట్టిన గదుల్లో తెలుగు ముక్కలను కూర్చోబెట్టారు. ఫాంటు ఉన్నంతసేపూ తెలుగు, తీసేస్తే పిచ్చిగీతలు. అవతలి ప్రెస్సులో ఆ ఫాంటు లేకపోతే పేజీ అంతా పాడయ్యేది, అందుకే అవుట్‌లైన్ చేసి పంపమని కుర్రాళ్లకు నేనే నేర్పాను. అచ్చుకు ఇచ్చేటప్పుడు అది మంచి అలవాటే. ఉద్యోగానికి పంపే ఫైలులో పనికిరాదు.

గూగుల్ ఫాంట్లలో మండలి, సురవరం, రామభద్ర, ఎన్టీఆర్ అన్నీ ఉచితంగా ఉన్నాయి, అన్నీ యూనికోడే. పేరుకు రామభద్ర వేసుకో, నిండుగా ఉంటుంది. దాని కిందే ఇంగ్లీషులో కూడా రాయి, యంత్రాన్ని నమ్మలేం.

ప్రకటనల_పిచ్చి
కుర్చీకి_అటువైపు గారి మాట ఆప్‌లు చేసే కంపెనీలకు సరిపోతుంది. ప్రకటనల ఏజెన్సీలో కథ వేరు. అక్కడ తెలిసినవాళ్ల ద్వారా సృజన విభాగం పెద్దకే నేరుగా వెళుతుంది, మధ్యలో ఏ యంత్రమూ ఉండదు. సాదా తెల్లకాగితం పంపితే "ఇతనికి మా ఉద్యోగం మీద ఆసక్తి లేదు" అనుకుంటారు. ప్రకటనల్లో మాటలు రాసేవాడైతే ఆ ఒక్క పేజీలోనే రాత కనిపించాలి. నా మొదటి రెజ్యూమెలో "ఉద్దేశం" అన్న చోట "అద్దె కట్టడం" అని రాశాను. ఆ రెండు మాటల కోసమే పిలిచామని తర్వాత చెప్పారు.

ఇడ్లీ_నాలుగు
మా గదిలో ఉండే ఒకతను ఏకంగా శుభలేఖలాగా అచ్చు వేయించాడు. నాలుగు మూలలా పసుపు కూడా రాశాడు. "మీ సంస్థతో నా వివాహము నిశ్చయించుటకు" అని మొదలవుతుంది. ఏజెన్సీ రిసెప్షన్‌లో దాన్ని తీసుకెళ్లి శుభలేఖల కట్టలో పెట్టేశారు. రెండు నెలల తర్వాత ఎవరో ఫోను చేసి, రాలేకపోయాం, ఏమీ అనుకోవద్దు అన్నారట.

ప్రకటనల_పిచ్చి
తెనాలి గారికి వచ్చిన మూడు జవాబుల కన్నా అదే మర్యాదగా ఉంది.

డల్లాస్_దారి
ఫోటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, పెళ్లయిందా లేదా, ఇవన్నీ ఎందుకు? ఇక్కడ అమెరికాలో ఫోటో, వయసు ఉన్న రెజ్యూమెను చూడటానికే కంపెనీలు జంకుతాయి, రేపు వివక్ష అని కేసు పడుతుందేమోనని. అడుగున "పైన తెలిపినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను", స్థలం, తేదీ, సంతకం! ఇది రేషన్ కార్డు దరఖాస్తా?

సుద్దముక్క
నాదీ అంతే ఉండేది. మా నాన్నగారికి చూపిస్తే గోత్రం, నక్షత్రం ఎందుకు రాయలేదని అడిగారు. ఆయనకు బయోడేటా అంటే ఒకటే రకం.

రాత్రి_రెండర్
యానిమేషన్, వీఎఫ్‌ఎక్స్ వైపు వెళ్లే పిల్లలు కూడా ఇది చదువుతున్నారు కాబట్టి చెబుతున్నాను. మా దగ్గర రెజ్యూమె అంటే అర పేజీ, అసలు సంగతంతా రీలులోనే, అంటే చేసిన షాట్లు కలిపిన చిన్న వీడియోలోనే ఉంటుంది. నిమిషం, మహా అయితే నిమిషంన్నర. మీ దగ్గరున్న మంచి షాట్‌తోనే మొదలుపెట్టండి, చివరికి దాచుకోకండి, అంతవరకు చూడం. హోరెత్తే సంగీతం వద్దు, ఎలాగూ శబ్దం తీసేసే చూస్తాం. రీలుతోపాటు షాట్ల పట్టిక ఇవ్వండి: ఏ షాట్‌లో మీ చెయ్యి ఎంతవరకు, రోటోనా (ఫ్రేము ఫ్రేముకూ ఆకారం చుట్టూ గీత గీసి వేరు చేయడం), పెయింటా, కంపోజిటింగా, ఏ సాఫ్ట్‌వేర్‌లో. సినిమా విడుదల కాకముందే షాట్ బయట పెట్టకండి. ఒప్పందం మీద సంతకం పెట్టి ఉంటారు, మరిచిపోవద్దు.

ఒకసారి ఒక కుర్రాడు వచ్చాడు. రీలులో మొదటి షాట్ రాత్రి వాన, కారు అద్దం మీద జారే నీళ్లు, లోపల మనిషి ముఖం. చాలా బాగుంది. ఇందులో మీరు ఏం చేశారు అంటే "అంతా" అన్నాడు. నా పక్కన కూర్చున్న ఆవిడ మునుపు వేరే స్టూడియోలో ఉండగా ఆ షాట్ మీద మూడు వారాలు రాత్రిళ్లు పనిచేశారు. ఏమీ అనలేదు, అతనికి మంచినీళ్లు ఇమ్మన్నారు. తర్వాత తెలిసింది, అతను అద్దం తుడిచే వైపర్‌కు రోటో చేశాడు. చాలా శుభ్రంగా చేశాడు కూడా. ఆ మాటే చెప్పి ఉంటే తీసుకునేవాళ్లం.

ఇడ్లీ_నాలుగు
ఆ మంచినీళ్లు నేను తాగుతున్నట్టుంది.

కుర్చీకి_అటువైపు
తెనాలి గారూ, లింకు చేత్తో కొట్టి, డిజైనర్లు పనులు పెట్టుకునే సైటు బిహాన్స్‌లో మీ పేజీ చూశాను. ఒక కాఫీ దుకాణం లోగో, భోజనం తెప్పించే ఆప్‌కు కొత్త రూపం, సంగీతం ఆప్‌కు ఇంకో కొత్త రూపం. ఏదీ ఎవరూ అడిగి చేయించుకున్నది కాదు కదా? ఐదు నెలల కోర్సులో అందరికీ ఇచ్చే పనులే ఇవి. భోజనం ఆప్‌కు కొత్త రూపం ఈ ఏడాది ఎన్ని చూశానో లెక్క తప్పింది. మీది వాటికన్నా తీసిపోయింది కాదు, కానీ ఇది మీదే అని చెప్పడానికి ఏమీ లేదు.

రెజ్యూమెలో "ఫ్రీలాన్స్, ఆరేళ్లు" అని ఒక్క వరస ఉంది. ఆ ఆరేళ్లు ఏం చేశారు?

తెనాలి_గీతలు
తెనాలిలోనే ఒక డీటీపీ, ఫ్లెక్స్ షాపులో పనిచేశాను. శుభలేఖలు, కరపత్రాలు, దుకాణాల బోర్డులు, పుట్టినరోజు ఫ్లెక్సీలు. అది రాస్తే ఎవరు పిలుస్తారని రాయలేదు.

జల్లెడ
సరిగ్గా చేశారు. రాయకండి. ఇక్కడ పెద్దలు ఎన్ని చెప్పినా డిగ్రీ జల్లెడ ఉంది. ఎన్‌ఐడీ, నిఫ్ట్, జేఎన్‌ఏఎఫ్‌ఏయూ అని పేరున్న డిజైన్ కాలేజీ కనిపిస్తే కన్ను ఒక క్షణం ఎక్కువ ఆగుతుంది. ఫ్లెక్స్ షాపు అని కనిపిస్తే హెచ్‌ఆర్ అక్కడే మూసేస్తారు. నాకు బీఎఫ్‌ఏ లేదు, మూడేళ్లు ఈ బాధ పడ్డాను, అందుకే చెబుతున్నాను.

పాత_పేజ్‌మేకర్
బాపు గారు చదివింది లా.

జల్లెడ
బాపు గారిని హెచ్‌ఆర్ జల్లెడ పట్టలేదు సార్.

కుర్చీకి_అటువైపు
జల్లెడ గారి మాట అబద్ధం కాదు, అలాంటి కంపెనీలు ఉన్నాయి. వాటిలో తెనాలి గారికి ఎలాగూ దారి లేదు. మిగతావాటి సంగతి చూద్దాం. ఆ షాపులో చేసిన ఒక్క పని గురించి చెప్పండి. అందంగా ఉన్నది కాదు, మీకు నిద్ర పట్టనివ్వనిది.

తెనాలి_గీతలు
అలా అడిగితే ఒకటుంది. రాయాలంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

శుభలేఖ మేటరు ఎలా వస్తుందో డీటీపీ చేసినవాళ్లకు తెలుసు. సగం వాట్సాప్‌లో చేతిరాత ఫోటో, సగం రాత్రి పదకొండుకు ఫోనులో. "మా పెద్దత్తయ్య పేరు పైకి జరపండి", "మామయ్య ఇంటిపేరుకు దీర్ఘం ఉండదండీ". ఒక్కో కార్డుకు ఐదారు ప్రూఫులు తిరుగుతాయి. ఒకసారి పెళ్లికొడుకు తాతగార్ల పేర్లు ఫోనులో చెప్పారు, ఒకాయన పోయారని కూడా చెప్పారు. ఎవరన్నది నేను తారుమారుగా రాసుకున్నాను. ప్రూఫ్ చూసినవాళ్లు పెళ్లికూతురి పేరు చూశారు, ముహూర్తం చూశారు, తాతగార్ల వరస ఎవరూ చూడలేదు. 500 కార్డులు అచ్చయ్యాయి, బతికున్న ఆయన పేరు ముందు "స్వర్గీయ" అని.

మర్నాడు ఆయనే షాపుకు వచ్చారు. తెల్లపంచె, చేతిలో కార్డు. కౌంటరు దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని "బాబూ, నేను ఎప్పుడు పోయాను?" అని అడిగారు. కోపం లేదు. అదే భరించలేకపోయాను. 500 కార్డులూ నా జీతంలోంచి మళ్లీ వేయించాను.

ఆ వారమే కూర్చుని ఒక పేజీ ఫారం చేశాను. ఆర్డరు ఇచ్చేటప్పుడే ఇంటివాళ్లు నింపాలి. వధువు వైపు ఎడమ, వరుడి వైపు కుడి. చి., చి.ల.సౌ., శ్రీమతి వంటివన్నీ ముందే అచ్చు వేసి ఉంటాయి, టిక్కు పెడితే చాలు. పెద్దల పేర్లు వయసు వరసలో రాయడానికి అంకెలు వేసిన గీతలు. "స్వర్గీయ" గడి ఒక్కటీ ఎర్ర సిరాలో, దాని పక్కన ఇంకొకరి సంతకం. అక్షరాలు గళ్లలో రాయమంటే పెద్దవాళ్లు ఒత్తులకు చోటు చాలక ఇబ్బంది పడ్డారు, అందుకని రెండోసారి గళ్లు తీసేసి, గీతల మధ్య ఖాళీ పెంచాను. ఇప్పటికీ షాపులో అదే వాడుతున్నారు.

ఇడ్లీ_నాలుగు
"నేను ఎప్పుడు పోయాను?" ఆఫీసులో గట్టిగా నవ్వాను, అందరూ ఇటే చూస్తున్నారు.

కుర్చీకి_అటువైపు
తెనాలి గారూ, కాఫీ దుకాణం తీసేయండి. రెండు ఆప్‌లూ తీసేయండి. పోర్ట్‌ఫోలియోలో మొదట ఈ ఫారం పెట్టండి. గళ్లున్న మొదటి రకం, గళ్లు తీసేసిన రెండోది, రెండూ పక్కపక్కన. తప్పు ఎక్కడ జరిగింది, వాడేవాళ్లు ఎక్కడ తడబడ్డారు, మీరు ఏం మార్చారు. మేము ఇంటర్వ్యూల్లో గంటసేపు తవ్వినా చాలామంది దగ్గర ఇది దొరకదు. ప్రూఫులు తగ్గాయా? లెక్క ఉందా?

తెనాలి_గీతలు
ఉంటుంది. ప్రూఫ్ ఇచ్చినప్పుడల్లా ఆర్డరు పుస్తకంలో ఒక గీత గీస్తాం. రేపు వెళ్లి చూస్తాను.

జల్లెడ
స్వర్గీయ సంగతి మాత్రం రెజ్యూమెలో రాయకండి దయచేసి.

ప్రకటనల_పిచ్చి
నేనైతే అదే మొదటి వాక్యంగా రాస్తాను.

రాత్రి_రెండర్
రెజ్యూమెలో ఫారం, ప్రూఫుల లెక్క. తాతగారు ఇంటర్వ్యూకు.

పాత_పేజ్‌మేకర్
ఇంకో మాట. ఈ కుర్రాడికి తెలుగు అక్షరం కూర్చడం వచ్చు, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. బోర్డులూ శుభలేఖలూ కూడా పెట్టమనండి.

కుర్చీకి_అటువైపు
అవును, అది నేను మరిచాను. మా ఆప్ తెలుగులో వచ్చినప్పుడు "చెల్లింపు" అన్న బటన్‌లో ల ఒత్తు సగానికి కోసుకుపోయింది. ఇంగ్లీషు కోసం కొలిచిన బటన్ అది. రెండు నెలలు మా దగ్గర ఎవరూ గమనించలేదు, తెలుగు చదివేవాళ్లు ఆరుగురం ఉండి కూడా.

తెనాలి_గీతలు
వరసల మధ్య ఖాళీ ఇంగ్లీషుకు పెట్టినంతే పెడితే పై వరస ఒత్తులు వచ్చి కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. ఫ్లెక్సీలో అయితే అది పదడుగుల ఎత్తున కనిపిస్తుంది, షాపులో నిలబెట్టి తిడతారు. ఫోటోషాప్ పాత వెర్షన్లలో యూనికోడ్ తెలుగు విరిగిపోతే ప్రిఫరెన్సెస్‌లో టైప్‌కు వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ కంపోజర్‌ను వరల్డ్ రెడీకి మార్చాలి. ఇవన్నీ అందరికీ తెలుసనుకున్నాను.

సుద్దముక్క
నాకు ఇప్పుడే తెలిసింది. తెలుగు 100 శాతం బార్ మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

తెనాలి_గీతలు
నాలుగు రోజులు పట్టింది. ఆర్డరు పుస్తకాల్లో ఫారానికి ముందు 40 కార్డులు, తర్వాత 40 తీసి గీతలు లెక్కపెట్టాను. ముందు సగటున ఐదు ప్రూఫులు, తర్వాత రెండు.

కొత్త రెజ్యూమె పెడుతున్నాను. ఒకే పేజీ, ఒకే వరస, తెల్ల కాగితం మీద నలుపు. ఫోటో, బార్లు, ప్రమాణం లేవు. పేరు రామభద్రలో, కింద ఇంగ్లీషులో, దాని కిందే లింకు. షాపు పేరు, ఆరేళ్లు, ఫారం, లెక్క. 210 కేబీ. నోట్‌ప్యాడ్‌లో అతికించి చూశాను, అన్నీ వచ్చాయి. ఇంకా ఎవరికీ పంపలేదు.

డల్లాస్_దారి
చల్లగా ఉంది కంటికి.

ప్రకటనల_పిచ్చి
కాస్త చప్పగా ఉంది. కానీ నాకు కాదు కదా పంపేది.

పాత_పేజ్‌మేకర్
బాబూ, ఫోను నంబరు కనపడకుండా అంకెకొక చుక్క పెట్టావు. లెక్కపెట్టాను, తొమ్మిదే ఉన్నాయి.

తెనాలి_గీతలు
అసలు ఫైలులోనూ తొమ్మిదే ఉన్నాయి.

ఇడ్లీ_నాలుగు
స్వర్గీయ ఫోను నంబరు.

తెనాలి_గీతలు
సరిచేశాను. పేజ్‌మేకర్ గారూ, మీకు రుణపడి ఉన్నాను. ఈ రాత్రికే పంపుతాను.

తెనాలి_గీతలు
పన్నెండు రోజులయింది, చెప్పి వెళదామని వచ్చాను. ఈసారి 11 చోట్లకే పంపాను. నాలుగు జవాబులు వచ్చాయి. ఒకరు మళ్లీ ఉచితంగా స్క్రీన్లు అడిగారు, డబ్బులిస్తే చేస్తానన్నాను, మాట్లాడలేదు. గురువారం ఒకచోట ఇంటర్వ్యూ ఉంది. ఆ ఫారం అసలు కాపీ ఒకటి వెంట తెమ్మన్నారు. షాపుకు వెళితే ఖాళీది ఒక్కటీ లేదు, అన్నిటి మీదా ఎవరో ఒకరి పెళ్లి ఉంది. కొత్తది అచ్చు వేయించనా?

కుర్చీకి_అటువైపు
వద్దు. నింపినదే తీసుకెళ్లండి, కొట్టివేతలు ఎక్కువ ఉన్నది చూసి. పేర్ల మీద కాగితం అంటించడం మరవకండి.